గోడ మీది పంచాంగం, డాబా మీది ఆకాశం

పిల్లలతో కలిసి నక్షత్రాలు చూడాలనుకునే తల్లిదండ్రుల్లో చాలామంది ముందుగా వాకబు చేసేది టెలిస్కోప్ ధర. నిజానికి అది అన్నిటికంటే చివర కొనవలసిన వస్తువు. మొదటి ఏడాదికి మబ్బులేని సాయంత్రం, పిట్టగోడ ఉన్న డాబా, పరుచుకోవడానికి ఒక చాప, గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు ఉంటే సరిపోతుంది. వీటిలో చివరిదాన్ని సాధారణంగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కానీ ప్రతి తేదీ కింద అచ్చయ్యే తిథి, నక్షత్రం అనే రెండు వివరాలూ ఆ రాత్రి చంద్రుడు ఎంత నిండుగా ఉంటాడో, ఏ చుక్కల దగ్గర ఉంటాడో చెబుతాయి. తెలుగు ఇళ్లలో పెరిగే పిల్లలకు ఇంతకంటే దగ్గరి దారి మరొకటి లేదు.

అందుకే మొదలు చంద్రుడితో పెట్టాలి. అమావాస్య తర్వాత విదియ నాడో తదియ నాడో పొద్దు గుంకాక పడమట సన్నని నెలవంక కనిపిస్తుంది. విదేశీ బొమ్మల పుస్తకాల్లో నెలవంక నిలువుగా నిలబడి ఉంటుంది. తెలుగు నేల మీద, ముఖ్యంగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా, అది పడవలా వెల్లకిలా ఉంటుంది. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో సూర్యచంద్రులు దాదాపు నిట్టనిలువుగా కిందికి దిగడమే దీనికి కారణం. పుస్తకంలోని బొమ్మకూ ఆకాశంలోని చంద్రుడికీ తేడా ఉందని పిల్లలు తమంతట తాము గుర్తించారంటే పరిశీలన మొదలైనట్టే.

మర్నాడు అదే వేళకు అదే చోట నిలబడి చూస్తే చంద్రుడు తూర్పు వైపు జరిగి ఉంటాడు. ఎంత జరిగాడో కొలవడానికి చెయ్యి చాలు. చేతిని ముందుకు పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే ఆకాశంలో అది ఆక్రమించే వెడల్పు సుమారు 10 డిగ్రీలు. చిటికెన వేలి వెడల్పు ఒక డిగ్రీ. పిల్లల పిడికిలి చిన్నది, చెయ్యి కూడా పొట్టిది. కాబట్టి వాళ్లకూ లెక్క దాదాపు ఇదే వస్తుంది. చంద్రుడు రోజుకు ఒక పిడికిలి కంటే కాస్త ఎక్కువ దూరం జరుగుతాడు. నక్షత్రాల మధ్య అతను ఒక చుట్టు తిరగడానికి 27 రోజుల పైచిలుకు పడుతుంది. ఆ దారిని 27 భాగాలు చేసి, ఒక్కో భాగానికి అక్కడి చుక్క పేరు పెట్టారు. ఒక్కో భాగం 13 డిగ్రీల 20 నిమిషాలు. క్యాలెండర్లో ఒక తేదీ కింద రోహిణి అని వేసి పక్కన ఒక టైము ఉంటే, ఆ టైము వరకు చంద్రుడు రోహిణి భాగంలో ఉన్నాడని, తర్వాత మృగశిరలోకి అడుగుపెడతాడని అర్థం. చిన్నప్పటి నుంచి పండగలప్పుడూ ముహూర్తాలప్పుడూ వింటున్న మాట నిజమో కాదో తలెత్తి చూసి తేల్చుకోవచ్చని తెలిస్తే పదేళ్ల పిల్లలకు కలిగే ఉత్సాహం ఇంతా అంతా కాదు.

తెలుగు నెలల పేర్లకూ ఇదే ఆధారం. కార్తీక పౌర్ణమి నాటి చంద్రుడు కృత్తికల దగ్గరో ఆ పక్క నక్షత్రం దగ్గరో ఉంటాడు. చైత్ర పౌర్ణమికి చిత్త, జ్యేష్ఠ పౌర్ణమికి జ్యేష్ఠ, మాఘ పౌర్ణమికి మఖ. అయితే నిండు వెన్నెల్లో కృత్తికల లాంటి మసక చుక్కలు కంటికి ఆనవు. నాలుగైదు రోజులు ఆగి, చంద్రుడు ఉదయించక ముందే చూస్తే అవి స్పష్టంగా కనిపిస్తాయి.

రైతు ఇళ్లలో వాడుకలో ఉన్న కార్తెలు సూర్యుడి స్థానాన్ని చెబుతాయి. మే 25 ప్రాంతంలో మొదలయ్యే రోహిణి కార్తెలో సూర్యుడు రోహిణి నక్షత్రం దిక్కున ఉంటాడు. కాబట్టి రోళ్లు పగిలే ఆ ఎండల్లో రోహిణి చుక్క కోసం వెతికితే ఎక్కడా కనిపించదు. అది పగలంతా సూర్యుడితో పాటే ఆకాశంలో ఉంటుంది. ఆరు నెలల తర్వాత, నవంబరు ఆఖరులో, అదే చుక్క పొద్దుగుంకే వేళకు తూర్పున ఉదయించి రాత్రంతా ఉంటుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందన్న పాఠం పిల్లల మనసులో నాటుకోవడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పిల్లల జన్మనక్షత్రాన్ని ఆకాశంలో చూపించడం కూడా మంచి ఆరంభమే. జన్మనక్షత్రం అంటే పుట్టిన వేళకు చంద్రుడున్న భాగం. అది కచ్చితమైన ఖగోళ వాస్తవం. దాన్నిబట్టి జాతకం చెప్పడం వేరే సంగతి, దానికి ఖగోళశాస్త్రంలో ఆధారం లేదు. ఈ తేడా పిల్లలకు మొదట్లోనే చెప్పడం మేలు. చిత్త, స్వాతి, మఖ, జ్యేష్ఠ, ఆరుద్ర వంటివి నగరంలోనూ సులువుగా కనిపిస్తాయి. పుష్యమి, శతభిషం మాత్రం మసకవి. పుష్యమి వారు నిరాశపడనక్కర్లేదు. ఆ చోటికి బైనాక్యులర్స్ తిప్పితే పక్కనే పదుల కొద్దీ చుక్కలతో ఒక గుంపు బయటపడుతుంది.

కొత్తవారికి చలికాలపు ఆకాశమే అన్నిటికంటే అనుకూలం. వానాకాలం పోయి గాలి తేటపడుతుంది. ఏడు గంటలకే పూర్తిగా చీకటి పడుతుంది కాబట్టి పిల్లల నిద్రవేళ చెడదు. ఉత్తర యూరప్ దేశాల్లో వేసవిలో నక్షత్రాల కోసం అర్ధరాత్రి దాకా కాచుకోవాలి. ఇక్కడ ఏడాది పొడవునా ఆ ఇబ్బంది లేదు.

జనవరి రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల వేళ తూర్పు నుంచి నడినెత్తికి ఎక్కుతూ ఒకే వరసలో, సమానమైన ఎడంతో మూడు చుక్కలు కనిపిస్తాయి. అవి ఓరియన్ అనే వేటగాడి నడికట్టు. ఆకాశంలో ఇంత సులువుగా గుర్తుపట్టగల ఆకారం మరొకటి లేదు. ఆ మూడింటికి ఒక పక్క ఎర్రగా మెరిసేది ఆరుద్ర, ఎదుటి పక్క నీలి తెలుపులో ఉన్నది రైజెల్. రంగుల్లో తేడా వేడిని బట్టి వచ్చింది. ఆరుద్ర ఉపరితలం మూడువేల డిగ్రీలు దాటిన వేడితో ఉంటే, రైజెల్ పన్నెండు వేల డిగ్రీల దరిదాపుల్లో ఉంది. ఎర్రదే చల్లనిదని చెబితే పిల్లలు వెంటనే ఒప్పుకోరు. గ్యాస్ పొయ్యి నీలిమంటను గుర్తు చేస్తే ఆలోచనలో పడతారు. ఆరుద్ర వెలుగు స్థిరం కూడా కాదు. 2019 చివరి నుంచి 2020 ఫిబ్రవరి దాకా అది మామూలు కంటికే తెలిసేటంతగా మసకబారి, మళ్లీ తేరుకుంది. నక్షత్రాలు మారవన్న నమ్మకాన్ని డాబా మీద నుంచే పరీక్షించవచ్చని ఆ చలికాలం చూపింది.

నడికట్టు గీతను ఒక వైపు పొడిగిస్తే ఆకాశంలోని నక్షత్రాలన్నిటిలోకీ కాంతిమంతమైన సిరియస్ వస్తుంది. సంస్కృత గ్రంథాల్లో దీన్ని మృగవ్యాధుడు అన్నారు. రెండో వైపు పొడిగిస్తే నారింజ రంగు రోహిణి, ఇంకాస్త ముందుకు పోతే కృత్తికలు. పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే ఆ గుంపులో మామూలు కంటికి ఆరు కనిపిస్తాయి. చూపు బాగుండి చీకటి చిక్కగా ఉంటే ఏడో ఎనిమిదో లెక్కపెట్టవచ్చు. ఎవరికి ఎన్ని కనిపించాయో ఇంటిల్లిపాదీ పోటీ పెట్టుకోవచ్చు, ఆ పోటీలో సాధారణంగా పిల్లలే గెలుస్తారు. ఫిబ్రవరిలో దక్షిణ దిక్కున, సిరియస్‌కు బాగా కింద, ఒంటరిగా వెలిగే చుక్క అగస్త్యుడు. కాంతిలో సిరియస్ తర్వాతి స్థానం దానిదే. హైదరాబాద్ నుంచి అది దిగ్మండలానికి రెండు పిడికిళ్ల ఎత్తుకు మించి ఎక్కదు. కాబట్టి దక్షిణాన అపార్టుమెంట్లు అడ్డు లేని చోటు వెతుక్కోవాలి.

ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో ఉత్తరాన సప్తర్షి మండలం ఎత్తుగా ఉంటుంది. తోక మధ్యలోని చుక్కను జాగ్రత్తగా చూస్తే ఒకటి కాదు, రెండు. పెద్దది వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని ఉన్నది అరుంధతి. పెళ్లిలో దంపతులకు పురోహితుడు చూపించేది దీన్నే, పట్టపగలు ముహూర్తమైనా సరే. చిన్నతనంలో చూసి గుర్తుపెట్టుకున్నవారికి పెళ్లిపందిట్లో ఆ దిక్కు కొత్త కాదు. సప్తర్షుల తొట్టిలో తోకకు దూరంగా ఉన్న అంచు చుక్కలు రెండింటినీ కలిపి, ఆ గీతను వాటి మధ్య దూరానికి అయిదు రెట్లు పొడిగిస్తే ధ్రువ నక్షత్రం దొరుకుతుంది. అందరూ అనుకునేట్టు అది అంత కాంతిమంతమైనది కాదు. దాని గొప్పతనమంతా కదలకుండా ఉండడంలోనే ఉంది. దిగ్మండలం నుంచి దాని ఎత్తు చూసేవారి అక్షాంశానికి సమానం. హైదరాబాద్‌లో 17 డిగ్రీల పైన, తిరుపతిలో పదమూడున్నర. పిడికిలితో కొలిచి తమ ఊరు భూగోళం మీద ఎక్కడుందో పిల్లలే తేల్చగలరు. ఈ చిన్న కొలత ఇచ్చే ధైర్యం పెద్ద పెద్ద పుస్తకాలు ఇవ్వలేవు.

సప్తర్షుల తోక వంపును అలాగే సాగదీస్తే స్వాతి, ఆ తర్వాత చిత్త. అదే మే నెల మధ్యలో రాత్రి తొమ్మిదింటికి దక్షిణాన బాగా కిందుగా త్రిశంకువు నిలువుగా నిలబడి ఉంటుంది. లండన్, ఢిల్లీ వాసులకు దక్కని దృశ్యమిది. తీరప్రాంతాల వారికి, రాయలసీమ వారికి చక్కగా అందుతుంది. తర్వాత వృశ్చికం లేస్తుంది. ఎర్రని జ్యేష్ఠ గుండెలాగా, మూల తోకలాగా, నిజంగానే తేలు ఆకారంలో ఉండే రాశి అది. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా మబ్బులదే రాజ్యం. మధ్యలో తెరిపి దొరికితే శ్రవణం, అభిజిత్తు చూడవచ్చు.

దూరాల సంగతి పిల్లలకు అంకెల్లో చెబితే మనసుకెక్కదు, వయసుల్లో చెప్పాలి. సిరియస్ కాంతి ఇక్కడికి చేరడానికి ఎనిమిదిన్నరేళ్లకు పైగా పడుతుంది. అంటే మూడో తరగతి చదివే బిడ్డ పుట్టిన రోజుల్లో బయలుదేరిన వెలుగు ఇప్పుడు కంటికి చేరుతోంది. శ్రవణానిది 17 ఏళ్లు, అభిజిత్తుది 25, స్వాతిది 37, రోహిణిది 65. ఇంట్లో అన్నయ్య దగ్గర్నుంచి తాతయ్య దాకా ఒక్కొక్కరి వయసుకు దగ్గరగా ఒక్కో చుక్క దొరుకుతుంది.

గ్రహాలను వేరు చేయడం కష్టం కాదు. నక్షత్రాలు మినుకుమినుకుమంటాయి, గ్రహాలు నిలకడగా వెలుగుతాయి. వేగుచుక్కగా పేరుపడ్డ శుక్రుడు కొన్ని నెలలు తెల్లవారుజామున తూర్పున, మరికొన్ని నెలలు సాయంత్రం పడమట ఉంటాడు. నడిరాత్రి మాత్రం ఎన్నడూ కనిపించడు. గురుడు, అంగారకుడు, శని ఏ నెలలో ఎక్కడుంటారో తెలుసుకోవడానికి స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో తమ ఊరిని ఎంచుకుంటే ఆ రాత్రి ఆకాశం తెరమీదికి వస్తుంది. కాని దాన్ని డాబా ఎక్కకముందు చూసుకుని, పైకి వెళ్లాక ఫోన్ జేబులో పెట్టేయాలి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోన్ తెర వెలుగు పడితే ఆ నిరీక్షణంతా వృథా. రాసుకోవడానికి వెలుగు కావాలంటే టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టాలి. ఎర్రని కాంతి రాత్రి చూపును అంతగా చెడగొట్టదు.

నగరాల్లో వీధిదీపాల వల్ల ఆకాశం వెలవెలబోతుంది, నిజమే. పాలపుంత హైదరాబాద్, విజయవాడ నడిబొడ్డు నుంచి కనిపించదు. అయినా మొదటి కొన్ని నెలలు నగరమే నయం. ప్రధానమైన చుక్కలు మాత్రమే మిగులుతాయి కాబట్టి ఆకారాలు త్వరగా పట్టుబడతాయి. చిక్కటి చీకట్లో వేల చుక్కల మధ్య కొత్తవారు తికమకపడతారు. ఆకారాలు వంటబట్టాక సంక్రాంతి, వేసవి సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్లినప్పుడు పొలం గట్టు మీద నుంచి చూపించాలి. హార్స్‌లీ హిల్స్, అరకు, వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు, నల్లమల పరిసరాలు కూడా మంచి చోట్లు.

పిల్లల ఓపిక అరగంట మించదు. అయిదారేళ్ల వారికి చంద్రుడు, ఒకటి రెండు చుక్కలు చాలు. మెడ నొప్పి పుట్టకుండా చాప మీదో మంచం మీదో వెల్లకిలా పడుకోబెట్టాలి. దోమల మందు రాయాలి, చలికాలం స్వెట్టర్ వేయాలి. ఒక్క రాత్రికి ఒకే కొత్త చుక్క పరిచయం చేయడం మంచి పద్ధతి. అన్నీ ఒకేసారి చెప్పేయాలన్న పెద్దల ఆత్రుతే ఈ అలవాటుకు మొదటి శత్రువు. తేదీ, టైము, చోటు రాసి, చూసింది బొమ్మ గీసే నోటుబుక్కు ఒకటి పెట్టించాలి. తల్లిదండ్రులకు అన్నీ తెలిసి ఉండనక్కర్లేదు. తెలియని చుక్క పేరు ఇద్దరూ కలిసి వెతుక్కున్న రాత్రే పిల్లలకు ఎక్కువకాలం గుర్తుంటుంది.

ఈ అలవాటు ఒక ఏడాది నిలిస్తే అప్పుడు బైనాక్యులర్స్ కొనవచ్చు. 7×50 లేదా 10×50 అని రాసి ఉన్నవి సరిపోతాయి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో, రెండోది ముందరి కటకం ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో చెబుతుంది. చంద్రుణ్ణి పౌర్ణమి నాడు కాకుండా సప్తమి, అష్టమి రోజుల్లో చూడాలి. అప్పుడు వెలుగునీడల సరిహద్దులో గుంటలూ కొండలూ నీడలతో సహా తేలతాయి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన చోటు దక్షిణపు అంచు వైపు ఉంది. ఆ వ్యోమనౌక బయలుదేరింది తిరుపతి జిల్లా శ్రీహరికోట నుంచేనని చెబితే పిల్లల చూపు అక్కడే ఆగుతుంది. చేతులు వణక్కుండా పిట్టగోడకు ఆనించి గురుడి వైపు తిప్పితే పక్కనే చిన్న చుక్కలుగా నాలుగు ఉపగ్రహాలు కనిపిస్తాయి. 1610 జనవరిలో గెలీలియో వరసగా కొన్ని రాత్రులు వాటి స్థానాలు గీసుకుని, అవి గురుడి చుట్టూ తిరుగుతున్నాయని తేల్చాడు. ఆ పని ఇప్పుడు ఏ హైస్కూలు విద్యార్థి అయినా వారం రోజుల్లో తిరిగి చేయగలడు.

టెలిస్కోప్ విషయంలో ఒకటే హెచ్చరిక. వందల రెట్లు పెద్దదిగా చూపుతుందని పెట్టె మీద గొప్పగా రాసి, ఊగిపోయే స్టాండుతో వచ్చే బొమ్మ టెలిస్కోప్‌లు పిల్లల ఆసక్తిని చంపేస్తాయి. చూడవలసింది అద్దం వెడల్పు, స్టాండు గట్టితనం. ఏ పరికరంతోనైనా సరే సూర్యుడి వైపు చూడకూడదు. బైనాక్యులర్స్‌తో ఒక్క క్షణం చూసినా కంటిచూపు శాశ్వతంగా పోవచ్చు. పరికరాలను పగటిపూట పిల్లలకు అందకుండా దాచాలి.

తెలుగు నేలకు ఆకాశంతో పాత చుట్టరికమే ఉంది. విశాఖపట్నంలో గొడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అక్కడి నుంచి 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని పరిశీలించారు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూల్స్ జాన్సెన్ గుంటూరు వచ్చి, సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను గ్రహణం లేని రోజుల్లో కూడా పరిశీలించవచ్చని మర్నాడే చేసి చూపాడు. హైదరాబాద్‌లో 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల, ప్రపంచ దేశాలు కలిసి తలపెట్టిన ఆకాశపు పటంలో తన వంతుగా లక్షల నక్షత్రాల స్థానాలు నమోదు చేసింది. ఆ వేధశాలలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకు తండ్రి చాటున టెలిస్కోప్‌ల మధ్య పెరిగి, నిజాం కాలేజీలో చదివి, 1949లో హార్వర్డ్‌లో ఉండగా ఒక కొత్త తోకచుక్కను కనిపెట్టాడు. ఆయనే వేణు బప్పు. తమిళనాడులోని కావలూరు వేధశాల ఆయన కృషి ఫలితం, అది ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది. పిల్లలకు ఆకాశం చూపించే తల్లిదండ్రులకు ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు. వానాకాలంలో బయట చూడడం కుదరనప్పుడు హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియం ఉంది. 1985 నుంచి అది ఎన్నో తరాల బడిపిల్లలకు తొలి ఆకాశం.

విదేశాల్లోని తెలుగు పిల్లలకు కొన్ని తేడాలుంటాయి. న్యూజెర్సీలో ధ్రువుడు నాలుగు పిడికిళ్ల ఎత్తున ఉంటాడు, అగస్త్యుడు అసలు ఉదయించడు. మెల్‌బోర్న్‌లో ధ్రువుడు కనిపించడు, ఓరియన్ తలకిందులుగా ఉంటుంది. విజయవాడలోని తాతయ్య, మెల్‌బోర్న్‌లోని మనవరాలు ఒకే వారంలో చూసిన చంద్రుణ్ణి బొమ్మలు గీసి పోల్చుకుంటే భూమి గుండ్రమన్నది వాళ్లిద్దరికీ కాగితం మీద కనిపిస్తుంది.

క్యాలెండర్లో ముందే గుర్తు పెట్టుకోవలసిన రాత్రులు రెండున్నాయి. ఏటా డిసెంబరు 13, 14 తేదీల్లో పునర్వసు దిక్కు నుంచి రాలే జెమినిడ్ ఉల్కలు ఒకటి. వాటికి పరికరం అక్కర్లేదు, ఊరి దీపాలకు దూరంగా దుప్పటి కప్పుకుని పడుకుంటే చాలు. రెండోది 2028 డిసెంబరు 31. ఆ రాత్రి పదిన్నర ప్రాంతంలో నిండు చంద్రుడు పూర్తిగా భూమి నీడలో మునిగి రాగి రంగుకు మారతాడు. సంపూర్ణ చంద్రగ్రహణాన్ని మామూలు కళ్లతో ఎంతసేపైనా చూడవచ్చు, దానివల్ల ఏ హానీ లేదు.